గడ్డ కరిగితే సరిపోతుందా?

 

"మా ఆయనకి తగ్గిపోతుందా సార్?" పట్టాలు అందుకుంటున్న డాక్టర్లైన మీకు నోటి క్యాన్సర్ వార్డులో రేపటి నుంచి ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఆమె అడిగేది వందమంది సంగతి కాదు, ఒక్కడి సంగతి. మన దగ్గరున్న లెక్కలేమో వందలమందివి.

2013లో షాంఘై డాక్టర్లు ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. ముదిరిన నోటి క్యాన్సర్ ఉన్న 256 మందిలో సగానికి ముందు రెండు విడతల కీమో, ఆపైన ఆపరేషన్, రేడియేషన్ ఇచ్చారు. మిగతా సగానికి కీమో లేకుండా ఆపరేషన్, రేడియేషన్ మాత్రమే. కీమోకి చాలామందిలో గడ్డ కరిగింది. తీరా చూస్తే బతికి బయటపడినవాళ్ళు ఆ జట్టులో ఎక్కువేమీ లేరు! అయితే కోసి తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణాలు పదో వంతుకు మించనివాళ్ళు మిగతావాళ్ళకంటే బాగున్నారు. కీమోయే వాళ్ళ ఆయుష్షు పెంచిందా? తొందరపడకండి. ఎవరి గడ్డ లొంగేదో, ఎవరిది మొండిదో బయటపెట్టి ఉండొచ్చు, అంతే.

కీమోతో పుండు ఎండి, నాలుగు మెతుకులు నమలగలిగితే చాలు, "ఇంక కోత ఎందుకు సార్" అంటాడు పేషెంటు. ఒప్పుకోకండి. కీమోకి ముందు గడ్డ ఎంతమేర ఉందో అంతమేరా తీయాల్సిందే.

పాథాలజీకి వెళ్ళేవాళ్ళకో మాట. గడ్డ ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగింది, అంచులు శుభ్రంగా ఉన్నాయా, మెడలోని లింఫు గ్రంథి పొరను చీల్చుకుని క్యాన్సర్ బయటికొచ్చిందా? ఈ మూడూ లేని రిపోర్టు నా దృష్టిలో చిత్తు కాగితం. పొర చీలినా, అంచులో క్యాన్సర్ మిగిలినా రేడియేషన్‌కు సిస్‌ప్లాటిన్ కీమో జోడించే ఆలోచన చేయాలి. రోగం ఎటు పోతుందన్న ముందస్తు అంచనా పనికొచ్చేది ఇలాంటి నిర్ణయాలకే. ఎన్నాళ్ళు బతుకుతాడో చెప్పడానికి కాదు.

స్లైడులో కనిపించనిది ఇంకొకటుంది. ఆపరేషనైన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలుకావాలి. శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగి అంగిట్లో క్యాన్సర్ తెచ్చుకున్న ముసలమ్మ, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు విశాఖపట్నం రాగలదా? తోడెవరొస్తారు? ఎక్కడుంటారు? పుచ్చిన పళ్ళు రేడియేషన్‌కు ముందే తీశారా? డిశ్చార్జికి ముందే ఇవన్నీ కనుక్కుని, రేడియేషన్ తేదీ రాసి చేతికిచ్చి పంపండి. ఆ రోజు రాకపోతే ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఆ ఊరి ఆశా వర్కర్‌కి చేయండి.