కట్ట చూడని చెరువు

సిద్దిపేట ప్రాంతపు శ్రోతలకు గొలుసుకట్టు చెరువులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. కాని పై చెరువు కట్టే తెగితే, ఆ వరద కింది కట్టలకు కూడా ముప్పు తెస్తుంది. కనుకనే వానకాలం రాకముందే కట్ట, తూము, మత్తడి చూచుకొనడం నీరటికాని ధర్మమైనది.

ఈ పూట మనం ముచ్చటించబోయే చెరువులు నీటివి కావు, సమాచారానివి. వాటిని క్లౌడ్ ఖాతాలు అంటున్నారు. క్లౌడ్ అంటే మేఘమే అయినా, అది ఆకాశంలో లేదు. పెద్ద భవనాలలో వేలకొలది కంప్యూటర్లను అమర్చి, వాటిని కావలసినవారికి అద్దెకిచ్చే యేర్పాటుకే ఆ పేరు. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ హైదరాబాదు ప్రాంతంలో ఇట్టి కేంద్రాలను మూడు విడి మండలాలుగా ప్రారంభించినది. 2023 జూన్‌లో సిద్దిపేట పట్టణంలోనే ఐటీ టవర్ వెలసినది. ఇక ఈ సంగతి మనకు దూరపుదని యెట్లా అనగలం?

ఒక సంస్థకు ఒక్క ఖాతా చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. కొత్త పనిని పరీక్షించేది ఒక ఖాతా, ప్రజలు వాడేది మరొకటి, జీతాల లెక్కలకు వేరొకటి. ఒకదానిలో ప్రమాదం జరిగినా రెండవదానికి పాకకుండా ఉండడానికే ఈ విభజన. అయితే ఖాతాలు పదులు, వందలు అయినకొద్దీ యే మూల యే తలుపు తెరచి ఉన్నదో తెలియకుండా పోతుంది. భవనాన్నీ యంత్రాలనూ కాపాడడం అద్దెకిచ్చినవారి బాధ్యత. లోపలి గదులకు తాళం వేసుకొనడం అద్దెకున్నవారి బాధ్యత.

ఈ రెండవ బాధ్యతలో పొరపాటు జరిగితే యేమవుతుందో 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు ఉదంతం తెలిపినది. ఒక రక్షణ తెరను సరిగా అమర్చకపోవడం, దానికి అవసరాన్ని మించిన అధికారాలు ఇచ్చి ఉండడం - ఈ రెండింటి వల్ల అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు పరుల చేతిలో పడినవి. మరుసటి యేడు ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా పడినది.

కనుక ఖాతాలన్నిటినీ కలిపి తనిఖీ చేసే పద్ధతి యేర్పడినది. ప్రతి ఖాతాలోనూ, చూడడమే తప్ప మార్చడానికి వీలులేని ఒక అధికారాన్ని ముందుగా నెలకొల్పుతారు. కేంద్రస్థానంలో ఉన్న తనిఖీ సాధనం తాత్కాలికపు తాళపుచెవితో ఒక్కొక్క ఖాతాలో ప్రవేశించి, తెరచి ఉంచిన నిల్వలు, యేండ్ల తరబడి మార్చని రహస్య సంకేతాలు, మితిమీరిన అధికారాలు వెదకి, ఫలితాలను ఒక్కచోట చేరుస్తుంది. ప్రౌలర్ వంటి ఉచిత సాధనాలు కూడా ఈ పనికి ఉన్నవి. అన్ని ఖాతాలనూ ఒక్కసారే ప్రశ్నిస్తే క్లౌడ్ వ్యవస్థ కొన్ని ప్రశ్నలను నిరాకరిస్తుంది. అందుచేత ఖాతాలను జట్లుగా విభజించి, జట్టు తరువాత జట్టును చూస్తారు.

ఇక్కడనే ఒక మోసం పొంచి ఉన్నది. ఒక సంస్థకు 40 ఖాతాలు ఉన్నవనుకొందాం. రెండింటిలో తనిఖీ అధికారాన్ని నెలకొల్పడం మరచినారు. మరొకదానిలో పని సాగుతుండగానే, సాధారణంగా గంటసేపే చెల్లే ఆ తాళపుచెవి గడువు తీరినది. నివేదికలో ఆ మూడు ఖాతాల కింద ఒక్క దోషమూ కనబడదు. పై అధికారి చూచి, అంతా క్షేమమని సంతకం చేస్తాడు. దోషం లేకపోవడం వేరు, దోషం వెదకకపోవడం వేరు. కాగితం మీద మాత్రం రెండూ ఒక్కతీరుగానే ఉంటవి!

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. మొదట, ఖాతాల పూర్తి పట్టీ యెదుట పెట్టుకొని, చూచినవెన్ని, చూడనివెన్ని అని నివేదిక తలభాగంలోనే వ్రాయాలి. చూడలేని ఖాతాను క్షేమమైనదిగా గాక, దోషమున్నదిగానే లెక్కించాలి. రెండవది, వాడుకలో లేని ప్రాంతాలనూ వదలరాదు; యెవరూ తొంగిచూడని చోటే దొంగకు అనువు. మూడవది, ప్రతి దోషానికీ దిద్దవలసిన మనిషి పేరు, గడువు ఉండాలి. నాల్గవది, తనిఖీదారు తాళపుచెవినే అందరికన్న భద్రంగా కాపాడాలి. అన్ని ఇండ్లూ చూడగల తాళం అది.

మన దేశంలో కంప్యూటర్ల భద్రతను చూచే సెర్ట్-ఇన్ సంస్థ, నిర్ణీతమైన సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలో తమకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ 28న ఉత్తరువు చేసినది. కాని గండి పడిన తరువాత చాటింపు వేయడం కన్న, పడకముందే కట్ట మీద నడచి చూడడం మేలు గదా!

మన ఇంటి లెక్కలు, మన వైద్యపు చీటీలు, మన పిల్లల మార్కులు ఇట్టి చెరువులలోనే నిలువ ఉంటున్నవి. వాటిని కాపాడే ఉద్యోగులు మీ ఇంటిలోనో, పొరుగు ఇంటిలోనో ఉంటే, ఈ రాత్రి భోజనాల వేళ వారిని ఒక్క ప్రశ్న అడగండి: "నాయనా, అన్ని కట్టలూ చూచినావా, చూడనివి యెన్ని?" ఆ రెండవ ముక్కకు వెంటనే జవాబు చెప్పగలిగినవాడే నిజమైన నీరటికాడు.