మొక్కల లెక్క గ్రామసభ చెప్పాలి



వానాకాలం రాగానే మన గూడేలకు మొక్కల బండ్లు వస్తాయి. గుంతలు తీస్తారు, నాటుతారు, ఫొటోలు దిగుతారు. ఇన్ని వేల మొక్కలని కాగితం మీదికి ఎక్కుతుంది. మూడేళ్లయ్యాక ఎన్ని బతికాయో మనల్ని అడిగేదెవరు?

ఇది చిన్న సంగతి కాదు. గనికో, డ్యాముకో అడవిని ఇచ్చేటప్పుడు బదులు అడవి పెంచుతామంటారు. పెంచారా అని కాగ్ 2013లో లెక్క తీసింది. 2006 నుంచి 2012 వరకు దేశంలో బదులుగా రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086. మొక్కలు నాటింది 7,280 హెక్టార్లలో. పోయిన అడవి మాత్రం పోనే పోయింది.

2016లో కాంపా నిధికి చట్టం వచ్చింది. పైసలకు పద్ధతి వచ్చింది సరే, పనికి కొలత ఏది? ఆదిలాబాద్‌లో ఒక కొలత, పాడేరులో ఇంకో కొలత కుదరదు. ఏ ఊళ్లోనైనా ఇవే నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, ఏ భూమి? హక్కు తేలని పోడు భూమిలో గుంతలు తీస్తే అది పర్యావరణం కాదు, కబ్జా.

రెండు, ఏ మొక్క? నీలగిరి ఒక్కటే వేస్తే అది తోట. ఇప్ప, తునికి, మద్ది, కరక్కాయ ఉంటేనే మనకు అడవి.

మూడు, ఎన్ని బతికాయి? ఎండాకాలం చివర్లో లెక్కపెట్టాలి. వానల్లో గడ్డి కూడా పచ్చగానే కనిపిస్తుంది. మొదటి ఏడు, మూడో ఏడు, ఐదో ఏడు అదే నెలలో లెక్క తీయాలి.

నాలుగు, ఎవరు లెక్కపెట్టారు? పరీక్ష రాసినోళ్లే పేపర్ దిద్దుకుంటే ఫెయిలయ్యేదెవరు?

ఈ అధికారం మనం కొత్తగా అడుక్కునేది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అందుకోసం కమిటీ వేసుకోమని నిబంధనలే చెబుతున్నాయి. 2005 ఉపాధి హామీ చట్టం పనులను సామాజిక తనిఖీ చేసే బాధ్యత గ్రామసభకే అప్పగించింది. చెరువు పూడికకు పనికొచ్చిన పద్ధతి మొక్కకు ఎందుకు పనికిరాదు?

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊరి పక్కన ఒక్క ప్లాంటేషన్ ఎంచుకోండి. సమాచార హక్కు కింద దాని ఎస్టిమేటు, నాటిన లెక్క తీసుకోండి. పెద్దలను వెంటబెట్టుకుని వరుస వరుసా తిరగండి. ఏది బతికిందో, ఏది ఎందుకు చచ్చిందో వాళ్లకు తెలుసు. ఆ లెక్క గ్రామసభలో చదివి, తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించండి. బాగుంటే బాగుందనే రాయండి. మన లెక్క నిజమైతేనే మన మాటకు విలువ.

ఒక ఊరు రాస్తే ఫిర్యాదు అంటారు. వంద ఊళ్లు ఒకే కొలతతో రాస్తే దాన్ని కాదనడం ఎవరి తరం కాదు.

జల్, జంగల్, జమీన్ మనవి. వాటి లెక్క కూడా మనదే. జోహార్!