ల్యాప్‌టాప్ లేవకపోతే కంగారు వద్దు
(ప్రసంగ పాఠం)



బయోస్ అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయి తెర నల్లబడితే, కొత్త ల్యాప్‌టాప్‌కు పరుగెత్తకండి. బయోస్ ఉండేది మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో. మనుమల ఫోటోలు, పెన్షన్ కాగితాలు ఉండేది డిస్కులో. కనుక ఫార్మాట్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. దానివల్ల చిప్ బాగుపడదు, ఫోటోలు మాత్రం పోతాయి.

ఛార్జరు పెట్టి అరగంట ఆగండి. కొన్ని తమంతట తామే కోలుకుంటాయి. లేదంటే, చాలా హెచ్‌పీ యంత్రాల్లో విండోస్, బి మీటలు నొక్కిపట్టి పవర్ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కాలి. డెల్‌లో ఛార్జరు తీసి, కంట్రోల్, ఎస్కేప్ మీటలు నొక్కి ఉంచి మళ్లీ తగిలించాలి. అప్పటికీ లేవకపోతే చిప్‌ను తిరిగి రాయగల మెకానిక్ కావాలి. ఆళ్లగడ్డలో దొరక్కపోతే నంద్యాల తీసుకురండి.

లేచాక బిట్‌లాకర్ 48 అంకెల కీ అడగవచ్చు. దాన్ని ఇప్పుడే డైరీలో రాసిపెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టే!