బండి నంబరు మీద మోజు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము విన్నాము. ఫలానా రాశికి ఆదాయము ఇంత, వ్యయము ఇంత, రాజపూజ్యము ఇంత, అవమానము ఇంత అని శాస్త్రులవారు చదువుతుంటే ఎవరి రాశి కోసం వారు చెవులు రిక్కించి కూర్చున్నారు. వచ్చిన అంకెలను మార్చమని ఎవరూ అడుగలేదు. వ్యయము ఎక్కువ వచ్చినవారు ఒక నిట్టూర్పు విడిచి ఊరుకున్నారు. అయితే ఈ భవనము వెలుపల నిలిపిన బండ్లను చూడండి. అక్కడి అంకెలన్నీ అలా ఊరకే వచ్చినవి కావు. కొన్ని అడిగి తెచ్చుకున్నవి, కొన్ని రుసుము కట్టి తెచ్చుకున్నవి. డబ్బిచ్చి మరీ నంబరు ఎందుకు కొంటారన్నదే నేడు మేము మాట్లాడదలచిన విషయము. పండుగనాడు ఇదేమి ప్రసంగమని పెద్దలు అనుకోవచ్చు. పెండ్లి సంబంధము గురించి జరిగినంత చర్చ కొత్త బండి నంబరు గురించి జరుగుతున్న ఇండ్లు మన షోలాపూరులోనే ఉన్నవి గనుక మాట్లాడక తప్పదు.

నంబరు అన్నది సర్కారువారు తమ సౌకర్యము కోసం పెట్టిన గుర్తు. బ్రిటనులో 1903 నాటి చట్టము ప్రకారము 1904 జనవరి 1 నుండి ప్రతి మోటారుకూ నంబరు తప్పనిసరి అయినది. ‘ఏ 1’ అనే గుర్తు కోసం రస్సెల్ ప్రభువు లండనులో రాత్రంతా కాచుకొని ఉన్నారని ప్రతీతి. ఈయన తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌కు అన్నగారు. అంటే నంబరు పుట్టిన నాడే దాని మీద మోజు కూడా పుట్టిందన్నమాట. 1989 నుండి అక్కడి ప్రభుత్వమే, పేర్లవలె చదువుకోదగిన నంబర్లను అమ్మకానికి పెడుతున్నది.

మన దేశములో అంత వెసులుబాటు లేదు. మొదటి రెండు అక్షరములు రాష్ట్రానివి, తరువాతి రెండంకెలు కార్యాలయానివి, ఆపైన అక్షరములు వరుసవి. ఎం.హెచ్. 13 అంటే షోలాపూరు. మనిషి కోరుకోగలిగినవి చివరి నాలుగంకెలే. ఆ నాలుగింటికే ఎంత పోటీయో చూడండి. 2025 ఏప్రిల్‌లో కేరళలోని కొచ్చిలో 0007 నంబరు సుమారు 46 లక్షల రూపాయలు పలికింది. అదే సంవత్సరము నవంబరులో హర్యానాలో ‘88 బి 8888’ కోసం పాట 1 కోటి 17 లక్షల దాకా పోయింది. ఇంగ్లీషు ‘బి’ ఎనిమిదిని పోలి ఉంటుంది గనుక వరుసగా అన్నీ ఎనిమిదులే అని దాని ఆకర్షణ. తీరా పాడినవారు గడువులోగా పైకము కట్టనే లేదు! మన మహారాష్ట్రలో 2024 ఆగస్టులో నాలుగు చక్రముల బండికి 0001 రుసుమును 3 లక్షల నుండి 5 లక్షలకు పెంచారు. ముంబయి, పుణె వంటి చోట్ల 6 లక్షలు. ఆ సొమ్ముతో మంచి బండే ఇంకొకటి వస్తుంది.

ఇక సంఖ్యాశాస్త్రము సంగతి. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలట, ఎనిమిది రాకూడదట, అది శనిదట. అదే ఎనిమిది కోసం హాంకాంగువారు ఎగబడతారు. కాంటనీస్ భాషలో ఆ మాట ఉచ్చారణ సంపదను స్ఫురింపజేస్తుంది గనుక వారికది లక్ష్మీప్రదము. మరి మన పెద్దలు పెండ్లిలో చదివించే నూట పదహార్లు? ఒకటి, ఒకటి, ఆరు కలిపితే ఎనిమిదే. ఇన్ని తరములుగా నూట పదహార్లు అందుకున్న దంపతులు పిల్లాపాపలతో చల్లగానే ఉన్నారు. శని ఆ లెక్క చూసుకోలేదు కాబోలు! వెయ్యి నూట పదహార్లు కలిపితే తొమ్మిది వస్తుందని ఎవరైనా యువకుడు లేచి చెప్పవచ్చు. నిజమే. అయితే తొమ్మిది కోసం మనవారు ఆ లెక్క పెట్టలేదు. సున్నాతో ముగించకుండా, ఇచ్చినదానిపై మరికొంత కలిపి ఇవ్వాలన్న మర్యాద అది.

మరికొందరు డబ్బు పెట్టి ఊరుకోరు, అంకెలకు వేషము కూడా వేస్తారు. 8055ను ఇంగ్లీషులో ‘బాస్’ అనిపించేట్లు, 4141ను నాగరిలో ‘పాపా’ అనిపించేట్లు, 214ను ‘రామ్’ అనిపించేట్లు వంకరలు తిప్పి వ్రాయిస్తారు. మన వీధులలో ఇవి కొల్లలు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 50వ నియమము ప్రకారము అక్షరములు ఇంగ్లీషులోను, అంకెలు మనమందరము వాడే అరబిక్ అంకెలలోను మాత్రమే ఉండవలెను. కనుక ఒకటి, రెండు, మూడు అంటూ మన తెలుగు అంకెలు వ్రాయించుకుందామన్నా చెల్లదు. (వ్రాయిస్తే చదివేవారెవరని అడుగకండి, ఆ ప్రశ్నకు మనము సిగ్గుపడవలసి ఉంటుంది.) 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త బండ్లన్నిటికీ విప్పరాని తాళముతో, హాలోగ్రాముతో ఉన్న పలకలే వస్తున్నవి. ఆ వేషములకు ఇక జరిమానాయే బహుమానము.

ఇంతవరకు చెప్పినది లోకములో అందరికీ వర్తిస్తుంది. మన సంగతి వేరుగా ఉన్నదని మా అభిప్రాయము. మన తాత ముత్తాతలు కరీంనగరము, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుండి మగ్గము పనికి ఈ ఊరు వచ్చారు. ఊరి పేరు వెనుకబడింది. ముందు ఉండవలసిన ఇంటిపేరు ఇక్కడి కచేరీ కాగితములలో చివరకు జరిగింది, దాని పలుకుబడి కూడా కొంత మారింది. పోనీ, స్వస్థలమువారి గుర్తులైనా నిలిచినవా అంటే అదీ లేదు. కరీంనగరము నుండి మన పెండ్లిళ్ళకు వచ్చే బండ్లు చూడండి. పాతవాటి మీద ఏ.పి. 15, తెలంగాణము ఏర్పడిన 2014 తరువాతివాటి మీద టి.ఎస్. 02, 2024 మార్చి తరువాతివాటి మీద టి.జి. 02. ఊరు అదే, ఇల్లు అదే, వియ్యంకుడు అదే. ఒకే పందిరి ముందు మూడు రకముల అక్షరములు. అక్షరములు మన చేతిలోనివి కావని ఇంతకంటె ఏమి రుజువు కావాలి? మిగిలిన నాలుగంకెలలోనైనా తనది అనదగినది ఒకటి ఉండవలెనని ఒకడు కోరుకుంటే, ఆ కోరికను మేము వెక్కిరించలేము. తండ్రి లూనా మీద ఉన్న నాలుగంకెలనే కొడుకు తన మొదటి కారుకు అడగటములో గర్వముకంటె కృతజ్ఞతయే ఎక్కువ.

అయితే ఒక మాట కఠినముగానే చెప్పవలసి ఉన్నది. తండ్రి లూనా నంబరును గుర్తుపట్టేది మనవారు. 0001ను, 9999ను చూసి తల తిప్పేది ఎవరో దారిన పోయేవారు. మొదటిదానికి సామాన్యముగా ఎవరూ పోటీకి రారు, చిన్న రుసుముతో పోతుంది. రెండవదానికే ఎగబడటము, చీటీ పాడటము, బండి అప్పు మీద నంబరు అప్పు! ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న తల్లులలో అనేకులు చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టి పిల్లలను చదివించినవారు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కట్టి తెచ్చుకున్న కూలి అది. నంబరుకు ఇన్ని వేలు అని కొడుకు చెప్పినప్పుడు ఆ తల్లి మనస్సులో ఎన్ని వేల బీడీలు లెక్కకు వస్తవో ఆమె పైకి అనదు. అడిగి చూడమని యువకులకు మా మనవి. ఆమె సరేనంటే మేము అడ్డు చెప్పము.

హైదరాబాదులో నాలుగేండ్లు ఉద్యోగము చేసి, అక్కడ కొన్న బండితో తిరిగి ఈ ఊరు చేరిన మనవారున్నారు. మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము పరరాష్ట్రములో పన్నెండు నెలలకు మించి బండిని ఉంచితే అక్కడి గుర్తు తీసుకోవలసిందే. టి.ఎస్. పోయి ఎం.హెచ్. వస్తుంది. అక్షరములు పోయినా అంకెలైనా అవే ఉండనిమ్మని ఆర్.టి.ఓ. కార్యాలయము చుట్టూ తిరిగి, రుసుము కట్టి తెచ్చుకున్నవారిని ఆడంబరపరులని మేము అనజాలము. ఆ ఇండ్లలో పిల్లలు ఆ బండిని రంగుతోనో కంపెనీ పేరుతోనో పిలువరు. సందు మొదట్లో కనబడగానే “నలభై రెండు పదకొండు వచ్చింది” అని తెలుగులో కేక వేస్తారు, లోపలివారు పొయ్యి మీద టీ నీళ్ళు పెడతారు.