మింటనున్న వెలుగు మేఘము



పుష్యమాసపు అమావాస్యనాడు, జాము రాత్రి గడచిన పిదప, దక్షిణాభిముఖులై తలయెత్తి చూడుడు. ఆర్ద్రా నక్షత్రమునకు దిగువ మూడు చుక్కలు ఒకే వరుసన నిలిచియుండును. వాని క్రింద వ్రేలాడు మసక చుక్కలలో నడిమిది వట్టి చుక్క కాదు; అదియొక మేఘము. పాశ్చాత్యులు ఆ నక్షత్రమండలమును ఓరయను అందురు. ఇట్టి మేఘములకు నీహారికలని పేరు. అది మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అనగా, వేంగీ చాళుక్యులు రాజ్యమేలు కాలమున బయలుదేరిన వెలుగు నేడు మన కంటికి చేరుచున్నది.

ఆ వెలుగు నిప్పు మండుటవలన కలిగినది కాదు. మేఘగర్భమున క్రొత్తగా పుట్టిన నక్షత్రములు కలవు. సూర్యుని ఉపరితలపు వేడిమి 6,000 డిగ్రీలకు లోబడియుండగా, వానిలో మిక్కిలి తీక్ష్ణమైన దాని వేడిమి 39,000 డిగ్రీలకు దగ్గరగా నున్నది. దాని అతినీలలోహిత కిరణములు తగిలి ఉదజని పరమాణువులనుండి ఎలక్ట్రానులు ఊడిపోవును. అవి మరల కూడుకొనునపుడు ఎఱ్ఱని కాంతి వెలువడును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆకుపచ్చని కాంతిని గూర్చి. 1864లో ఇంగ్లండునందు విలియం హగ్గిన్సు అను పండితుడు వేఱొక నీహారిక వెలుగును గాజు పట్టకముగుండ పరీక్షించెను. నక్షత్రకాంతివలె ఏడురంగుల పట్టీ కానరాలేదు. కొలది మెఱుగు గీతలు మాత్రమే కనబడెను. కావున అది వాయువని తేలినది. కాని అందలి రెండు ఆకుపచ్చ గీతలు భూమిపై నెఱిగిన ఏ ద్రవ్యమునకును సరిపోలలేదు. ఓరయను నీహారికయందును ఆ గీతలే కలవు. పిదప శాస్త్రజ్ఞులు ఆ తెలియని ద్రవ్యమునకు నెబ్యూలియమని పేరిడిరి.

1927లో అమెరికాలో ఐరా బోవెను ఆ ముడి విప్పెను. అది క్రొత్త ద్రవ్యము కాదు. రెండేసి ఎలక్ట్రానులు పోగొట్టుకొనిన ప్రాణవాయువే! అట్టి పరమాణువు ఆ కాంతిని వెలువరించుటకు కొంత తడవు కదలింపు లేక యుండవలెను. తిరునాళ్ల సందడిలో నిలువదలచిన వానిని జనులు త్రోసివేయునట్లు, మన గాలిలో పరమాణువులు ఒకదానినొకటి క్షణక్షణము ఢీకొనును. నీహారికయో, జనము లేని బయలువంటిది. అచట వానికి తీరిక కలదు.

మింట వేఱు పదార్థమున్నదని పండితులే తలచిరి. కాని మనము పీల్చునది, మన దీపమును వెలిగించునది, అచటను వెలుగుచున్నది. మీ మనుమలకు ఆ చుక్కను చూపునపుడు ఈ మాట చెప్పుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.