పేరు ఎవరిది, సంతకం ఎవరిది



భాషావేత్తలు, గ్రంథాలయ నిర్వాహకులు, తెలుగు ఫాంట్లూ కీబోర్డులూ తయారుచేసేవారు ఒకచోట చేరిన సభ ఇది. సాంకేతిక విషయాలు పత్రసమర్పకులు నాకంటే బాగా చెబుతారు. నేను యాజమాన్యం గురించి మాట్లాడతాను. పదిమంది కలిసి రాసి లోకానికి ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్ తరఫున సంతకం పెట్టవలసి వచ్చిన రోజున, ఆ సంతకం ఎవరిది?

ఈ ప్రశ్న అపాచీ వెబ్ సర్వర్‌కు 1998లో ఎదురైంది. రాబ్ మెకూల్ రాసిన సర్వర్‌కు, ఆయన ఆ పని వదిలి వెళ్ళాక, ఎవరికి వారు మరమ్మతులు చేసుకుంటున్నారు. వారిలో బ్రయాన్ బెహ్లెన్‌డార్ఫ్, రాయ్ ఫీల్డింగ్ తదితరులు 1995లో ఒక జట్టయ్యారు. ఏడాది తిరిగేసరికి ప్రపంచంలో అత్యధికంగా వాడే వెబ్ సర్వర్ వారిదే. 1998లో ఐబీఎం దాన్ని తన వెబ్‌స్ఫియర్‌లో చేర్చుకోవాలనుకుంది. ఒప్పందం ఎవరితో చేసుకోవాలి? జట్టుకు చట్టం దృష్టిలో ఉనికే లేదు. ఎవరైనా దావా వేస్తే ఆ భారం నేరుగా మనుషుల మీద పడుతుంది. 1999లో డెలావేర్ చట్టం కింద అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లాభాపేక్ష లేని కార్పొరేషన్‌గా నమోదైంది.

దాని నిబంధనావళిని మనం శ్రద్ధగా చదవాలి. సభ్యులంతా వ్యక్తులే, కంపెనీలకు సభ్యత్వం లేదు. డబ్బు కట్టి చేరడం కుదరదు. చేసిన పని చూసి పాత సభ్యులు పేరు ప్రతిపాదిస్తారు, ఓటు వేసి చేర్చుకుంటారు. తొమ్మిది మంది డైరెక్టర్లను ఎన్నుకునేదీ వారే. విరాళమిచ్చే కంపెనీలకు కృతజ్ఞతలు చెబుతారు, ఓటు మాత్రం ఇవ్వరు. సభ్యులకు లాభంలో వాటా ఉండదు. సొంతమంటే అక్కడ ఓటే. ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం.

కాపీరైటు విషయంలోనూ అంతే జాగ్రత్త. రాసినవారి హక్కు రాసినవారి దగ్గరే ఉంటుంది, దాన్ని పంచిపెట్టే అనుమతిని ఫౌండేషన్‌కు రాసిస్తారు. 2004లో వచ్చిన రెండో కూర్పు లైసెన్సు పేటెంటు హక్కును కూడా వాడుకరికి ఇస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ మీదే పేటెంటు దావా వేసినవారికి ఆ హక్కు రద్దవుతుంది.

ఇలాంటి అనుమతిపత్రాన్నే ఒక కంపెనీకి రాసిస్తే ఏమవుతుందో 2023 ఆగస్టులో చూశాం. హాషికార్ప్ తన టెర్రాఫామ్‌ను స్వేచ్ఛా లైసెన్సు నుంచి తప్పించి, పోటీ వ్యాపారాలను కట్టడిచేసే లైసెన్సు కిందికి మార్చింది. బయటివారు రాసిన భాగాలూ దానితోపాటే వెళ్ళాయి, ఎందుకంటే వారు ముందే సంతకాలు పెట్టి ఉన్నారు. వాడుకరులు పాత కోడ్ పట్టుకుని ఓపెన్‌టోఫు పేరుతో వేరుపడి లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరారు. అది ప్రధానంగా కంపెనీలు చందా కట్టి చేరే సంఘం. వారి అవసరానికి అది సరిపోవచ్చు, మనకు మాత్రం కాదు.

గ్రంథాలయాలవారికి కోహా కథ తెలిసిందే. న్యూజీలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు రాయించుకుని 2000 జనవరిలో వాడుకలోకి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద కోడ్ భద్రంగానే ఉంది. కానీ అదే దేశంలో ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడానికి ఒక అమెరికా కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. ఒక చిన్న ట్రస్టు తన సాఫ్ట్‌వేర్ పేరు కోసం చట్టపరమైన పోరాటానికి చందాలు అడగవలసి వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న వంటివి స్వేచ్ఛా ఫాంటు లైసెన్సుతో అందరికీ అందుతున్నాయి. ఇది చిన్న సేవ కాదు. అయితే 2021లో యూనికోడ్ 14వ కూర్పు నకారపొల్లుకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. పాత పుస్తకాలను యథాతథంగా ఎక్కించేవారికి అది కావాలి. అన్ని ఫాంట్లలో దాన్ని గీసి చేర్చి, పరీక్షించి, విడుదల చేసే పూచీ ఎవరిది? ఉత్సాహవంతుడెవరైనా చేర్చవచ్చు. కానీ ఆ లైసెన్సు కింద పేరును ప్రత్యేకించి ఉంచుకున్న ఫాంటును మారిస్తే, అనుమతి లేకుండా అదే పేరుతో విడుదల చేయకూడదు. అనుమతి అడగడానికి ఒక చిరునామా ఉండాలి. రూపకర్త మనతో ఉన్నంతకాలం ఆయనే చిరునామా. ఆ తరువాత?

అందుకే సభ్యుల సొంతమైన ఒక సంస్థ కావాలంటున్నాను. ఉత్పత్తిదారుల కంపెనీ చట్టం ప్రధానంగా రైతులు, చేతివృత్తులవారి వంటి ప్రాథమిక ఉత్పత్తిదారుల కోసం వచ్చింది, సాఫ్ట్‌వేర్‌కు అతకదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సభ్యుల స్వపరిపాలనకు మంచి దారి. కానీ మనకు పంచుకోవలసిన మిగులు లేదు, పేర్లనూ అనుమతిపత్రాలనూ కాపాడుకోవాలి. లాభం పంచకూడదని కట్టడి చేస్తూనే సభ్యులకు ఓటునిచ్చే కంపెనీల చట్టం 8వ సెక్షన్ నాకు మేలనిపిస్తోంది.

రేపటి చర్చలో ముసాయిదా రాసేవారు ఒక్క నిబంధన మరవవద్దు. అపాచీలో పని మానుకున్న సభ్యులను గౌరవ విశ్రాంత హోదాలోకి మారుస్తారు, కోరం లెక్కలో వారు ఉండరు. మన సాహిత్య సంఘాలు కొన్ని కోరం లేకనే ఏళ్ళ తరబడి ఎన్నికలు జరపలేకపోయాయి. ఈ నిబంధనను మొదటి పేజీలోనే రాయండి.