మన మాటకు చోటెక్కడ?



బగ్దల్‌లోనో, జహీరాబాదు వైపు మరో పల్లెలోనో ఒక యువకుడు రేషను దుకాణంలో జరిగే అక్రమాన్ని గురించి రాయాలనుకున్నాడనుకోండి. ఈ రోజుల్లో ఛాపాఖానా చుట్టూ తిరగనక్కర్లేదు, వెబ్‌సైటు పెట్టుకోవచ్చు. అయితే దానికీ ఒక చోటు కావాలి. సర్వరులో ఆ చోటును అద్దెకిచ్చేదే హోస్టింగ్ కంపెనీ. ఇంటి యజమానికి ఉన్నట్టే దానికీ షరతులుంటాయి. వివాదం రేపే రాతలు కనిపిస్తే తీసేస్తామంటుంది. అందుకే షరతులు సడలిన చోటు ఎక్కడుందా అని మనవాడు వెతుకుతాడు.

ఈ వెతుకులాట కొత్తది కాదు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన ఒక వ్యాసానికి సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారితోపాటు ప్రచురణకర్త బోడి నారాయణరావు గారినీ కోర్టుకీడ్చారు. గాడిచర్ల వారికి చివరకు మూడేళ్ల జైలుశిక్ష పడింది. 1910 ప్రెస్ చట్టం కొత్త ముద్రణాలయాల నుంచి 500 మొదలు 2,000 రూపాయల దాకా ధరావతు అడిగే వీలు కల్పించింది. ధరావతు పోతుందన్న భయంతో అచ్చువేసేవాడే రచయిత కలం పట్టుకుని ఆపసాగాడు. ఇవాళ హోస్టింగ్ కంపెనీల జంకు వెనక ఉన్నదీ అలాంటి భయమే.

1908లోనే మద్రాసులో 'ఇండియా' పత్రికపై కేసు పెడితే, సుబ్రహ్మణ్య భారతి ఫ్రెంచివారి పుదుచ్చేరికి వెళ్లిపోయారు. ఆంగ్లేయుల చట్టం అక్కడ చెల్లదు. పత్రిక మళ్లీ వెలువడింది. అచ్చుయంత్రాన్ని తాకలేని ప్రభుత్వం ఆ పత్రిక బ్రిటిషిండియాలోకి రాకుండా అడ్డుకుంది. పాఠకులకు దూరమై 1910లో అది ఆగిపోయింది. చోటు దొరికినంత మాత్రాన మాట చేరుతుందనుకోరాదు.

మన బీదరు 1956 దాకా హైదరాబాదులోనే ఉండేది. అక్కడ నిజాం ప్రభుత్వం మందుముల నరసింగరావు గారి ఉర్దూ పత్రిక 'రయ్యత్'ను మూయించింది. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్ 'ఇమ్రోజ్' పెట్టి రజాకార్లను విమర్శించారు. 1948 ఆగస్టులో ఆయన్ను హత్య చేశారు. ఆ రోజుల్లో మాటకు చోటు వెతకడమంటే ప్రాణాలకు తెగించడమే.

ఇక ఇప్పటి సంగతి. 2010 డిసెంబరులో వికీలీక్స్‌ను అమెజాన్ తన సర్వర్ల నుంచి తొలగించింది. వెనువెంటనే దాని చిరునామాను నడిపే సంస్థా చేతులెత్తేసింది. అయినా అది బతికింది. కారణం, దేశదేశాల్లో ఎందరో దాని నకళ్లు పెట్టుకున్నారు.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షను, షరతులు పాటించినంతవరకు, ఇతరుల రాతలకు హోస్టింగ్ సంస్థను బాధ్యుణ్ణి చేయదు. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో అందితేనే తొలగించాలని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కాని 69ఎ సెక్షను కింద సైటును ఇక్కడ కనిపించకుండా ఆపవచ్చు. పుదుచ్చేరి కథే మళ్లీ! సర్వరు ఏ దేశంలో ఉన్నా రాసినవాడు బగ్దల్‌లో ఉంటే పరువునష్టం కేసు ఇక్కడే ఎదుర్కోవాలి.

కాబట్టి మీరు రాయదలిస్తే కొన్ని జాగ్రత్తలు పాటించండి. డబ్బు కట్టకముందే షరతులు చదవండి. ఫిర్యాదు వస్తే ముందు మీకు తెలియజేస్తారా, నేరుగా తీసేస్తారా అని చూడండి. వెబ్‌సైటు పేరును మీ పేరిటే, వేరే సంస్థ దగ్గర నమోదు చేయించుకోండి. అప్పుడు ఒకరు పొమ్మన్నా అదే పేరుతో మరోచోట తెరవవచ్చు. ప్రతి రాతకూ నకలు ఉంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆధారం. సమాచార హక్కు కింద తెచ్చిన కాగితం చేతిలో ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

ఒక్క మాట. అక్రమాన్ని బయటపెట్టే రాత వేరు, పొరుగువారి మీదికి ఉసిగొల్పే రాత వేరు. 1948లో బీదరు జిల్లా చూసిన రక్తపాతం మన పెద్దలు మరచిపోలేదు. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ కలిసి బతికే నేల ఇది. మొదటి రాతకు చోటు కోసం పోరాడదాం. రెండోదానికి మన ఊళ్లో చోటివ్వకుండా ఉందాం.